ఏడాదికోసారి రమ్మంటే

మా ఊళ్ళో పశువులకు ఏడాదికి రెండుసార్లు పరీక్ష జరుగుతుంది. వసంతంలో కొండ మీది మేతకు తోలే ముందు ఒకసారి, చలి మొదలై కిందికి దించాక ఇంకోసారి. పశువుల డాక్టరు రేపు వస్తున్నాడంటే ఈ రోజే ఊరంతా దొడ్లు ఊడ్చుకుంటుంది. ఏ ఇంటి ఆవుకు నెత్తురు తీశారో, దేనికి తీయలేదో పిల్లలు కూడా చెప్పగలరు. మనుషులకు ఏడాదికి ఒక్కసారే పరీక్ష. ఆ ఒక్కసారికీ ఎవరూ రారు.

మా ఊరు సారీ-కాయాలో ఇరవై ఆరేళ్ళుగా ఫెల్డ్షర్‌ని నేను. అంటే నర్సుకు ఎక్కువ, డాక్టరుకు తక్కువ. నారిన్ కొండల్లో మాలాంటి ఊళ్ళకు డాక్టరు రాడు కాబట్టి కాన్పులూ, దెబ్బలూ, టీకాలూ, చావు కాగితాలూ అన్నీ నా రెండు గదుల వైద్యశాలలోనే. జబ్బు చేసినవాళ్ళు ఏ వేళప్పుడైనా వచ్చి తలుపు కొడతారు. జబ్బు లేనప్పుడు రమ్మంటేనే చిక్కు. “ఒంట్లో బాగున్నప్పుడు నీ దగ్గరికెందుకు నురీలా?” అంటారు. బాగుందో లేదో తేల్చుకోవడానికే అంటే నవ్వుతారు.

జూన్ రెండో వారంలో జిల్లా నుంచి పరీక్షల బండి వస్తుంది. లోపల ఛాతీకి ఎక్స్‌రే తీసే యంత్రం ఉంటుంది, ఆడవాళ్ళను చూసే డాక్టరమ్మ ఉంటుంది. ఒక్క రోజు ఉండి వెళ్ళిపోతుంది. అప్పటికి సగం ఊరు పశువులతో కొండ మీద ఉంటుంది. మే నెలలో పంపండని నేను ప్రతి ఏడూ రాస్తాను. మేలో దారి బురద, బండి దిగబడుతుంది అని ప్రతి ఏడూ జవాబు వస్తుంది.

కొండెక్కే ఆ సగం ఊరిలో మా వదిన కాలిపా ఒకతె. మా అన్నయ్య ఎసెన్‌గుల్ భార్య. నలుగురిని కన్నది, అందులో ఇద్దరిని కొండ మీద ఉన్ని గుడారంలోనే కన్నది. గుర్రాల పాలు పిండడం ఊళ్ళో ఆమెలా ఎవరికీ చేతకాదు. నవ్విందంటే నాలుగిళ్ళ అవతలికి వినపడేది. నేను పుట్టింటికి దగ్గర్లోనే కాపురం ఉన్నదాన్ని కాబట్టి రోజుకోసారైనా ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం.

ఆ ఏడు మే నెలాఖరున వాళ్ళు లారీకి సామాన్లు ఎక్కిస్తుంటే వెళ్ళి అడిగాను.

“వదినా, పన్నెండో తారీకున ఒక్క పూట కిందికి దిగి రా. బండి వస్తుంది. నలభై తొమ్మిదేళ్ళొచ్చాయి, ఒక్కసారి కూడా చూపించుకోలేదు నువ్వు.”

“నేను దిగితే గుర్రాలను ఎవరు పిండుతారే? మీ అన్నయ్యా? ఆయన మొహం చూస్తే ఏ గుర్రమైనా చేపుతుందా?”

లారీ మీద గుడారం కర్రలు కడుతున్న అన్నయ్య వినపడనట్టే ఉన్నాడు.

“ఆవులకైతే తప్పకుండా నెత్తురు తీయిస్తావు.”

“ఆవుకు నోరుందా చెప్పుకోవడానికి? నాకుంది. నొప్పొస్తే నారిన్ దాకా వినపడేలా అరుస్తాలే.”

“ఇది నొప్పి లేకుండా వస్తుంది వదినా.”

“నొప్పి లేనిది జబ్బెలా అవుతుందే పిచ్చిదానా! నువ్వు చదివిన చదువులో ఏదో తేడా ఉంది.” పిండి సంచిని ఒక్క ఊపున లారీలోకి విసిరి, చేతులు దులుపుకుంది. “చూడు, ఇది జబ్బు మనిషి విసురుడేనా?”

జూన్‌లో బండి వచ్చింది. పదకొండు మంది వచ్చారు. అందులో ఐదుగురు బడి పంతుళ్ళు. ఎక్స్‌రే కాగితం లేకపోతే వాళ్ళకు ఉద్యోగం ఉండదు.

నాకు రోషం వచ్చింది. వాళ్ళు దిగకపోతే నేనే ఎక్కుతాను అనుకున్నాను. గర్భసంచి ముఖద్వారం దగ్గర పుల్లతో కాస్త తడి తీసి గాజుపలక మీద రాసి పంపితే, క్యాన్సరు మొలకెత్తకముందే తెలుస్తుంది. ఆ తీయడం నాకు వచ్చు. జూలైలో పెట్టెలో సరంజామా సర్దుకుని, ఒక గుర్రం అడిగి తెచ్చుకుని బయలుదేరాను. నాలుగు గంటల దారి. నేను గుర్రమెక్కి పదేళ్ళయింది.

గుడారం ముందు దిగేసరికి నా కాళ్ళు దగ్గరికి రావడం లేదు. మా వదిన నన్ను చూసి, పాల బకెట్టు కింద పెట్టి, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వింది.

“అమ్మో, గుర్రమెక్కి వచ్చిందా, పీపా ఎక్కి వచ్చిందా! బర్మెత్, ఇటొచ్చి చూడవే, మన డాక్టరమ్మ నడక!”

బర్మెత్ పక్క గుడారం ఆమె. ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు కూడా వచ్చారు. పులిసిన గుర్రప్పాలు గిన్నె నిండా పోసి ఇచ్చారు, వేడి రొట్టె పెట్టారు. వచ్చిన పని చెప్పగానే అందరి మొహాలూ ముడుచుకుపోయాయి. బర్మెత్ అయితే లేచి నిలబడింది. “ఛీ, పట్టపగలు అదేం పని! మా ఆయనకు తెలిస్తే నా తల తీస్తాడు.”

మా వదిన నన్నే చూస్తూ కూర్చుంది. కళ్ళెం పట్టిన నా చేతులు ఇంకా వణుకుతున్నాయి. అది ఆమె కంటపడింది.

“పాపం, ఇంత దూరం తుంట్లు అరగదీసుకుని వచ్చింది” అంది. “సరే కానీయ్. ముందు నాకు చెయ్. నేను చావకుండా బయటికొస్తే వీళ్ళూ వస్తారు.”

గుడారంలో మగవాళ్ళు లేకుండా చూసి, తెర కట్టి, ఐదుగురికీ తీశాను. వదిన పైకప్పు కన్నంలోంచి ఆకాశం చూస్తూ పడుకుని, “నా నలుగురు పిల్లలు కూడా నన్ను ఇంత సిగ్గుపెట్టలేదే” అంది. అందరూ నవ్వారు. ఆ రోజు సాయంత్రం కొండ దిగుతుంటే నా అంత గొప్పది లేదనిపించింది.

పలకలు జిల్లా ఆసుపత్రికి వెళ్ళాయి. సెప్టెంబరులో జవాబు వచ్చింది. నాలుగు పేర్ల ఎదురుగా ‘బాగుంది’ అని ఉంది. కాలిపా పేరు ఎదురుగా ‘నమూనా చాలదు, మళ్ళీ తీయాలి’ అని ఉంది.

అంటే జబ్బుందని కాదు. లేదనీ కాదు. నా చెయ్యి ఆ ఒక్కసారి సరిగా ఆడలేదో, పలక మీద మందు సరిగా పడలేదో. మొదట తీసింది ఆమెదే. అప్పటికి నా చేతుల వణుకు కూడా తగ్గలేదు.

వాళ్ళు కొండ దిగాక వెళ్ళి చెప్పాను. వదిన బంగాళాదుంపలు తవ్వుతోంది.

“మళ్ళీనా? నాదే ఎందుకు మళ్ళీ? బర్మెత్‌ది బాగుందన్నారుగా?”

“నీది సరిగా కనపడలేదట. పది నిమిషాల పని వదినా.”

“అప్పుడూ పది నిమిషాలే అన్నావు. ఒకసారి చూపించుకో అన్నావు, చూపించుకున్నాను. ఇప్పుడేమో ఇంకోసారి అంటావు. రేపు ఇంకోటంటావు. దుంపలు తవ్వాలి, పెళ్ళి దగ్గరికొచ్చింది, నన్ను చంపకు.”

అక్టోబరులో వాళ్ళ పెద్దవాడి పెళ్ళి జరిగింది. అల్తినై అనే పిల్ల కోడలిగా వచ్చింది. పెళ్ళి హడావిడి తగ్గాక రెండుసార్లు అడిగాను. నవంబరులో ఇంటి నిండా వియ్యాలవారు ఉన్న రోజు, వంటింటి గుమ్మంలో మెల్లిగా మళ్ళీ కదిపాను. ఆ రోజు అడగకుండా ఉండాల్సింది. మెల్లిగానే అన్నాను కానీ వియ్యపురాలి చెవిన పడింది. “ఏం పరీక్ష? వదినగారికి ఏమైనా జబ్బా?” అంది.

వదిన ముఖం ఎర్రబడింది. “నాకేం జబ్బు లేదు. జబ్బు దీని తలలో ఉంది. కనపడ్డ ప్రతి ఆడదాని లంగా ఎత్తి చూడాలని దీనికో పిచ్చి.” తర్వాత నా వైపు తిరిగి, “అందరికీ చెబుతావు సరే, నువ్వు చేయించుకున్నావా? చెప్పు, ఎప్పుడు చేయించుకున్నావు?” అని అడిగింది.

నేను చేయించుకుని ఏడేళ్ళయింది. నాకు నేను తీసుకోలేను, జిల్లాకు వెళ్ళడానికి తీరిక దొరకలేదు. అదే మాట వాళ్ళు చెబితే నేను ఒప్పుకునేదాన్ని కాదు.

అతిథులు వెళ్ళాక అన్నయ్య నన్ను వాకిట్లోకి పిలిచాడు. తక్కువ మాట్లాడే మనిషి. “ఇంకెప్పుడూ నా ఇంట్లో ఆ మాట ఎత్తకు” అన్నాడు. “కొత్త చుట్టాల ముందు నా పెళ్ళాం పరువు తీశావు.”

“అన్నా, ఒక్కసారి నువ్వు చెబితే వదిన వింటుంది.”

“ఎత్తకన్నాను.”

నియమం ప్రకారం నా దగ్గర ఒక కాగితం ఉంటుంది. ‘పరీక్షకు నిరాకరించాను’ అని. వారం తర్వాత వదినే వైద్యశాలకు వచ్చింది, రాజీ పడటానికి గిన్నెడు మీగడ తెచ్చింది. “ఆ కాగితమేదో ఇటివ్వు, సంతకం పెడతా. నీ పైవాళ్ళు నిన్నేమీ అనకూడదు” అంది. పెట్టింది. నేను తీసుకున్నాను. జిల్లాలో ఆ కాగితం చూసి, పని పద్ధతిగా ఉందన్నారు.

తర్వాతి ఏడంతా నేను ఆ మాట ఎత్తలేదు. మీగడ తిన్నాను, టీలు తాగాను, అల్తినైకి కడుపొస్తే చూశాను. వదినను చూసిన ప్రతిసారీ నాలుక చివరిదాకా వచ్చేది. అన్నయ్యతో మాటల్లేకుండా పోతాయని మింగేసేదాన్ని. మే నెలాఖరున వాళ్ళు మళ్ళీ కొండెక్కారు. నేను లారీ దగ్గర నిలబడి చెయ్యి ఊపాను.

ఆ మరుసటి ఫిబ్రవరిలో, బయట చలికి ఉమ్మి కూడా గడ్డకట్టే ఒక పొద్దున్న, నేను పొయ్యిలో పిడకలు పెడుతుంటే వదిన వచ్చింది. తలుపు తనే వేసింది. శాలువా తీయకుండా బల్ల అంచున కూర్చుంది.

“నురీలా, నాకు బయట చేరడం ఆగిపోయిందనుకున్నాను. మళ్ళీ మొదలైంది.”

“ఎప్పటి నుంచి?”

“అక్టోబరు.”

“అక్టోబరా!”

“వయసు మారేటప్పుడు అలాగే అవుతుందని బర్మెత్ చెప్పింది. కానీ ఆగడం లేదే. వాసన కూడా...” తల దించుకుంది. “నొప్పి మాత్రం లేదు. అందుకే రాలేదు.”

చూశాను. చూడగానే తెలిసింది. నా ముఖంలో ఆమెకూ తెలిసిందనుకుంటాను. చేతి తొడుగులు విప్పడానికి నేను ఎంతసేపు తీసుకున్నానో గుర్తులేదు. “ఇంత చలిలో పాపం నీ వేళ్ళు కొంకర్లు పోయినట్టున్నాయి” అంది. పోలేదు.

జిల్లాకు వెళ్ళాం, అక్కడి నుంచి రాజధాని బిష్కెక్‌కు. అన్నయ్య కారు నడిపాడు, నేను వెనక సీట్లో వదిన పక్కన కూర్చున్నాను. ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ, వదినను బయటికి పంపి మాకు చెప్పింది. గర్భసంచి దాటి పక్కలకు పాకింది, కోసే దశ కాదు, కిరణాలు పెట్టి చూద్దాం. తర్వాత నన్ను అడిగింది: “మీరు వైద్యం తెలిసినవారే కదా. ఏడాదిన్నర క్రితం నమూనా చాలలేదని రాసి ఉంది. మళ్ళీ ఎందుకు తీయలేదు?”

నేను అన్నయ్య వైపు చూడలేదు. అన్నయ్య కిటికీలోంచి చూస్తున్నాడు. “ఆమె ఒప్పుకోలేదు” అన్నాను. అది నిజమే. కాగితం కూడా ఉంది. కానీ నోట్లోంచి ఆ మాట వచ్చినప్పుడు నన్ను నేను కాపాడుకుంటున్నానని తెలిసింది.

కిరణాలకు రెండు నెలలు బిష్కెక్‌లో ఉన్నారు. నేను ఊరికి తిరిగి వచ్చేసరికి నాకంటే ముందే మాట వచ్చి కూర్చుంది. అల్తినై చెప్పింది, బిడ్డను చంకనేసుకుని వైద్యశాలకు వచ్చి, భయం భయంగా.

“అత్తా, బజారులో అనుకుంటున్నారు... మా అత్తమ్మ బండలా ఉండేది, మీరు కొండ మీద ఆ పుల్ల పెట్టి గీకాకే జబ్బు వచ్చిందని.”

“ఎవరంటున్నారు?”

“అందరూ. బర్మెత్ అత్త కూడా. తనకూ అక్కడ సలుపుతోందని అంటోంది.”

“నువ్వేమనుకుంటున్నావు?”

పిల్ల బిడ్డ టోపీ సర్దింది.

ఏమని చెప్పను? ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. గీకితే క్యాన్సరు రాదని, ఉన్నది కనపడటానికే గీకుతారని. టీ పోశారు, తలలూపారు. నేను గుమ్మం దాటగానే మాట్లాడుకోవడం వినపడేది. బర్మెత్‌ను “నీకు బాగుందని వచ్చిందిగా” అని అడిగితే, “అప్పుడు బాగుంది కాబట్టే భయం. బాగున్నదాన్ని కెలికావు” అంది. ఆమె కళ్ళలో నిజమైన భయం ఉంది. దాన్ని ఏ మాటతో తీయాలో నాకు తెలియలేదు.

మే నెలలో వదిన తిరిగి వచ్చింది. సగమైంది. ఆనాడు లారీలోకి విసిరిన పిండి సంచి బరువు కూడా ఉండదు. ఆ పుకారు తన చెవినా పడింది. పడుకునే, అల్తినైతో రొట్టెలు చేయించి, చుట్టుపక్కల ఆడవాళ్ళందరినీ టీకి పిలిపించింది. పద్నాలుగు మంది వచ్చారు. దిండ్లు ఆనించి కూర్చోబెట్టాం.

“నేను చచ్చిపోతున్నాను, అందరికీ తెలుసు కదా, మొహాలు అలా పెట్టకండి” అంది. “ఇది మళ్ళీ రమ్మంది. నేను రాలేదు. మా ఆయన వద్దన్నాడు, నేనూ వద్దనుకున్నాను. నురీలా నాకు జబ్బు పెట్టలేదు. వచ్చే నెల బండి వస్తుంది. మీరు వెళ్ళండి. కొండెక్కడం రెండు వారాలు ఆలస్యమైతే ఆవులేం చావవు.”

“అలాగే కాలిపా, నువ్వు కోలుకో ముందు” అన్నారు. “దేవుడున్నాడు” అన్నారు. ఒకరిద్దరు ఏడ్చారు. అందరూ ఆమె చెయ్యి పట్టుకుని వెళ్ళారు. వాళ్ళు వెళ్ళాక వదిన నన్ను చూసి కన్ను కొట్టింది. “చూశావా, ఎలా చెప్పానో! ఈసారి నీ బండి ముందు వరుస కడతారు. నువ్వు టీ కాచలేక చస్తావు.”

బండి వచ్చిన రోజు వైద్యశాల ముందు రెండు బెంచీలు వేయించాను. టీ కాచే సమోవారు నిండా నీళ్ళు కాచాను. బడి పంతుళ్ళు వచ్చారు, ఎక్స్‌రే తీయించుకుని వెళ్ళారు. ఆడవాళ్ళ పరీక్షకు ఇద్దరు వచ్చారు. ఒకతె ఊరికి కొత్తది, ఇంకొకతె తపాలా ఆమె. పోయిన ఏడు తొమ్మిది మంది వచ్చారు. అల్తినై దూరంగా గోడ పక్కన కాసేపు నిలబడి, బిడ్డ ఏడ్చాడని వెళ్ళిపోయింది. మధ్యాహ్నం బండి డాక్టరమ్మ గడియారం చూసుకుంటుంటే, నేను బండి లోపలికి వెళ్ళి పరీక్ష బల్ల మీద పడుకున్నాను. “మూడో పేరు నాది రాసుకోండి” అన్నాను.

సాయంత్రం వదిన అడిగింది. “ఎంతమంది?”

“పదిహేడు” అన్నాను.

“బర్మెత్ వచ్చిందా?”

“వచ్చింది.”

“చెప్పానా!” అని కళ్ళు మూసుకుంది. ఆమెకు అబద్ధం చెప్పడం అదే మొదలు, అదే చివర. ఆగస్టు చివరి వారంలో పోయింది. వాకిట్లో ఉన్ని గుడారం వేసి ఆమెను మూడు రోజులు అందులో ఉంచాం. బర్మెత్ అందరికంటే గట్టిగా, అందరికంటే చక్కగా పాడి ఏడ్చింది. ఆమె ప్రేమలో అబద్ధమేమీ లేదు. అంత్యక్రియల వంట దగ్గర నా చేతిలోని గిన్నె తీసుకుని “నువ్వు కూర్చో, అలిసిపోయావు” అంది. నేను కూర్చున్నాను. నా పరీక్ష జవాబు అప్పటికే వచ్చింది, బాగుందని. ఎవరికీ చెప్పలేదు.

నలభై రోజులు గడిచాక ఒక సోమవారం పొద్దున్న అన్నయ్య వైద్యశాలకు వచ్చాడు. చావు కాగితాలకు తప్ప ఆ గడప తొక్కని మనిషి. తెల్లటి ఉన్ని టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

“నాకు కూడా ఏదో ఒకటి చూడు” అన్నాడు.

రక్తపోటు చూశాను. బాగానే ఉంది. గుండె విన్నాను, బరువు చూశాను. “అంతా బాగుంది” అన్నాను. ఇంకా కూర్చునే ఉన్నాడు.

“ఇంకేమైనా చూస్తావా?”

“ఇంకేం లేదన్నా.”

తర్వాతి సోమవారం వచ్చాడు. ఆ తర్వాతిదీ. ఇంత తరచుగా రానక్కరలేదని రెండుసార్లు చెప్పాను. వినపడనట్టే చెయ్యి చాపాడు. నేను పట్టీ కట్టి, గాలి కొట్టి, ముల్లు చూసి, అంకె చెబుతాను. వింటాడు, వెళ్తాడు.

డిసెంబరులో ఒకసారి, పట్టీ బిగుస్తుండగా అడిగాడు.

“దీంతో కాలిపాది తెలిసేదా?”

“లేదన్నా. దీంతో తెలియదు.”

“మరి దేంతో?”

చెప్పాను. పుల్ల, గాజుపలక, మందు, జిల్లాలో సూక్ష్మదర్శిని కింద చూసే అమ్మాయి, రెండు నెలల్లో వచ్చే కాగితం. ఎన్నో ఏళ్ళుగా చెప్పాలనుకున్నదంతా చెప్పాను. అన్నయ్య మధ్యలో ఆపలేదు, ముఖం తిప్పుకోలేదు, చివరిదాకా విన్నాడు.

“పది నిమిషాలా?” అన్నాడు.

“పది కూడా పట్టదు.”

చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. మణికట్టు గుండీ పెట్టుకోవడం అతని వేళ్ళకు సాధ్యం కాలేదు. నేను పెట్టాను. టోపీ పెట్టుకుని, మంచులో ఇంటివైపు కాకుండా పశువుల దొడ్డివైపు నడిచాడు.